"సెక్షన్ 30 అమల్లో ఉంది, ధర్నాకు పర్మిషన్ లేదు" అంటే ఏం చేయాలి?

మున్సిపల్_గొంతు:
జీతాల బకాయిల కోసం పారిశుద్ధ్య కార్మికులు కలెక్టరేట్ ముందు ఒకపూట కూర్చోవాలన్నా ఇంత కష్టమా? సంఘాలు ఎక్కడ అడిగినా స్టేషన్ నుంచి వచ్చే జవాబు ఒకటే: "సెక్షన్ 30 అమల్లో ఉంది, కుదరదు." అదీ నోటిమాటే. కాగితం అడిగితే ఇవ్వరు. తేదీ దగ్గరపడేసరికి నాయకుల ఇళ్ల ముందు తెల్లారకముందే జీపు ఆగుతుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా పద్ధతి ఇదే.

రెండొందల మంది, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 దాకా ధర్నా అనుకోండి. అర్జీ ఎవరికి పెట్టాలి, ఏం రాయాలి, కాదంటే ఎక్కడికి వెళ్లాలి, ముందురోజు పట్టుకెళ్తే ఏం అడగాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. కొత్త చట్టాల సెక్షన్ నంబర్లు ఇస్తే మేలు.

నేలపాడు_నోట్‌బుక్:
ముందు సెక్షన్ 30 సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే సగం గొడవ అక్కడే ఉంది. అది 1861 పోలీసు చట్టంలోది. అందులో ఉన్న అధికారం రెండు రకాలు. రోడ్ల మీద సభలు, ఊరేగింపులు ఎలా జరగాలో, ఏ దారిన, ఏ వేళలో వెళ్లాలో నిర్దేశించడం ఒకటి. అదుపులేని గుంపు వల్ల శాంతిభంగం జరగొచ్చని అధికారి భావిస్తే, లైసెన్సుకు దరఖాస్తు చేసుకోమని నోటీసు ఇవ్వడం రెండోది. అంటే "సెక్షన్ 30 అమల్లో ఉంది" అన్నమాటకు అర్థం "అర్జీ పెట్టుకోండి" అని. "సభలు నిషేధం" అని కాదు. షరతులు మీరితే 30ఏ కింద ఆపొచ్చు. ఉల్లంఘనకు సెక్షన్ 32 కింద జరిమానా ఎంతో తెలుసా, 200 రూపాయలకు మించదు.

దీనికి పెద్ద ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. 2022 డిసెంబరు 28న కందుకూరు తొక్కిసలాటలో 8 మంది, 2023 జనవరి 1న గుంటూరులో ముగ్గురు చనిపోయారు. మర్నాడే, జనవరి 2న, ఇదే సెక్షన్ 30ని ఆధారం చేసుకుని జీవో నంబరు 1 వచ్చింది. రోడ్ల మీద సభలకు దాదాపు తలుపులు మూసేసింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అదే నెల 12న తాత్కాలికంగా నిలిపేసి, మే 12న పూర్తిగా కొట్టేసింది. స్టేషన్‌లో ఎవరైనా సెక్షన్ 30 అంటే ఈ తీర్పు కాపీ అర్జీకి జత చేయండి.

ఖాకీ_వెనక:
పోలీసు పని తెలిసినవాళ్లకు తెలుస్తుంది, చాలా అర్జీలు నిజంగానే పనికిరాని అర్జీలు. "ఫలానా రోజు కలెక్టరేట్ వద్ద భారీ ధర్నా, అనుమతించగలరు" అని ఒక వాక్యం రాసి ముందురోజు సాయంత్రం ఇస్తే ఎస్సై ఏం బందోబస్తు వేస్తాడు? ఎస్పీ ఆఫీసుకు నివేదిక వెళ్లాలి, పక్క స్టేషన్ల నుంచి సిబ్బందిని పిలవాలి, ట్రాఫిక్‌కు చెప్పాలి. కనీసం వారం, వీలైతే పది రోజుల ముందు ఇవ్వండి.

అర్జీ సబ్ డివిజన్ డీఎస్పీ పేరున రాసి, స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు, ఎస్పీకి కాపీ పెట్టండి. కమిషనరేట్ పరిధి అయితే ఏసీపీ, డీసీపీ. ఇవి తప్పకుండా ఉండాలి:

– తేదీ, మొదలయ్యే టైము, ముగిసే టైము. "సాయంత్రం వరకు" అని రాయొద్దు.
– స్థలం హద్దులతో సహా: ఏ గేటు, రోడ్డుకు ఏ వైపు, ఎన్ని అడుగుల పొడవు. చేత్తో గీసిన చిన్న పటం జత చేస్తే సగం అభ్యంతరాలు అక్కడే పోతాయి.
– ఎంతమంది, ఎన్ని ఆటోలు, బస్సులు, అవి ఎక్కడ ఆగుతాయి.
– అంబులెన్సుకు ఏ వైపు దారి వదులుతున్నారు.
– బాధ్యులు నలుగురైదుగురి పేర్లు, ఫోన్లు. 20 మందికి ఒక వాలంటీరు చొప్పున జాబితా.
– మైకు. దీనికి వేరే అర్జీ పెట్టాలి. ధ్వని కాలుష్య నియమాలు 2000 సంవత్సరం నుంచి ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు ఎలాగూ కుదరదు.

టెంటు రోడ్డు మీదకు వస్తుంటే మున్సిపల్ కమిషనర్‌కో, ఆర్ అండ్ బీకో ఇంకో కాగితం. దీన్ని మరిచిపోతారు, చివరి రోజు టెంటు పీకేయడానికి అదే సాకు అవుతుంది.

నేలపాడు_నోట్‌బుక్:
పైన చెప్పినదంతా నిజం. ఒకటి కలుపుతాను: స్టాంపు. అర్జీ రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. వేయనంటే అదే రోజు రిజిస్టర్డ్ పోస్టు చేయండి, ఎస్పీ ఆఫీసు ఈమెయిల్‌కు పంపండి. మూడు రోజులైనా ఉలుకూ పలుకూ లేకపోతే రిమైండరు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నోటిమాట మీద కోర్టుకు వెళ్తే సర్కారు వకీలు లేచి "అసలు మాకు అర్జీయే రాలేదు" అంటారు. మీ చేతిలో ఏమీ ఉండదు. రాతపూర్వకంగా తిరస్కరిస్తే ఆ కారణాలను కోర్టు పరిశీలిస్తుంది. అసలు జవాబే ఇవ్వకపోతే అర్జీని పరిష్కరించమని ఆదేశం కోరుతూ 226 అధికరణ కింద రిట్ వేయొచ్చు. రెంటికీ ఆధారం ముద్ర పడిన ఆ కాపీయే.

రిట్‌కు జత చేయాల్సినవి: అర్జీ, ముద్ర కాపీ, రిమైండరు, తిరస్కరణ ఉంటే అది, స్థలం ఫోటోలు. అదే చోట వేరేవాళ్లకు ఈ మధ్యే అనుమతి ఇచ్చి ఉంటే పేపర్ కటింగు. అధికార పార్టీ ర్యాలీకి లేని ట్రాఫిక్ సమస్య మనకే ఎందుకొచ్చిందని అడగడానికి చట్టం ముందు అందరూ సమానమనే 14వ అధికరణ ఉంది. హోం శాఖ జీపీకి (సర్కారు వకీలుకు) కాపీ ముందే అందించాలి. ధర్నా రేపనగా హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గరే అత్యవసర విచారణ) అంటూ పరిగెత్తొద్దు. నాలుగైదు రోజుల వ్యవధి ఉంటే కోర్టు పోలీసుల జవాబు తెప్పించుకుని షరతులతో అనుమతి ఇస్తుంది.

సత్తెనపల్లి_రైతు:
షరతుల గురించి కూడా చెప్పండి సార్. 2022లో అమరావతి రైతుల పాదయాత్రకు డీజీపీ కాదంటే హైకోర్టు 600 మందికి అనుమతి ఇచ్చింది. ఆ 600 మంది గుర్తింపు కార్డులు చూపాలన్న దగ్గరే రామచంద్రపురంలో యాత్ర ఆగిపోయింది. కోర్టు ఒక సంఖ్య చెప్పిందంటే దారిలో ప్రతి స్టేషనూ లెక్కపెడుతుంది. కాబట్టి అర్జీలోనే సంఖ్య కొంచెం పెంచి రాయాలి. రెండొందలు అనుకుంటే మూడొందలు రాయండి. కార్డులు ముందే కొట్టించి, జాబితా ఒకటి వకీలు దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంచండి.

ఓరుగల్లు_బిడ్డ:
మా దిక్కు ముచ్చట కూడా ఇనుండ్రి. ఉద్యమంల ఊపిరి పోసిన ధర్నా చౌక్‌నే 2017ల ఇందిరా పార్కు కాడికెల్లి ఊరి బయటికి తీస్కపోదామని చూసిండ్రు. ధర్నాలతోనే వచ్చిన రాష్ట్రంల ధర్నా చేసే జాగ లేకుండ జేసుడు, ఆ కోపం ఇప్పటికీ పోలే. 2018 నవంబర్‌ల హైకోర్టు చెప్తేనే మళ్ల అక్కడ కూసునే వీలైంది. సర్కారు మారినంక 2024 అక్టోబర్ 27 నుంచి నవంబర్ 28 దాక హైదరాబాద్‌ల గుంపులు కూడొద్దని నెల రోజుల ఆర్డర్ తీసిండ్రు. ఇందిరా పార్కు ధర్నా చౌక్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చిండ్రు.

ఆ ఆర్డర్ సెక్షన్ 30 కాదు, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ జాగల వచ్చిన కొత్త చట్టం) 163. పాత 144 అదే. రెండూ ఒకటే అనుకొని మోసపోవద్దు. 163 అంటే నిజంగనే నిషేధం పెట్టొచ్చు. గని రాతల ఉండాలె, ఎందుకో కారణం ఉండాలె, రెండు నెలలు దాటొద్దు. రాష్ట్ర సర్కారు పొడిగిస్తే ఇంకో ఆరు నెలలు. జిల్లాలల్ల కలెక్టర్, ఆర్డీవో తరహా మేజిస్ట్రేట్లు తీస్తరు, కమిషనరేట్‌ల పోలీస్ కమిషనర్ తీస్తడు. "144 ఉంది" అంటే నంబరు, తేదీ, సంతకం ఎవలదో అడుగుండ్రి.

నేలపాడు_నోట్‌బుక్:
అనూరాధా భాసిన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఇలాంటి ఉత్తర్వులు ప్రచురించాలి, న్యాయమైన నిరసనను అణచడానికి వాడకూడదు, మళ్లీ మళ్లీ అదే ఉత్తర్వు తీయడం అధికార దుర్వినియోగం. కశ్మీర్ ఇంటర్నెట్ బంద్ మీద వచ్చిన తీర్పే అయినా ఇక్కడి 163 ఉత్తర్వులకూ వర్తిస్తుంది.

అయితే మన వైపు బలహీనత కూడా తెలుసుకోవాలి. షాహీన్‌బాగ్ తీర్పులో, 2020 అక్టోబరు 7న, అదే సుప్రీంకోర్టు ప్రజా రహదారిని నిరవధికంగా ఆక్రమించి కూర్చోవడం కుదరదంది, నిరసన కేటాయించిన చోటే జరగాలంది. అందుకే అర్జీలో "నిరవధిక" అన్న మాట కనబడితే పని పాడవుతుంది. దానికి రెండేళ్ల ముందు జంతర్ మంతర్ కేసులో మాత్రం పూర్తి నిషేధం చెల్లదు, నియంత్రణ నియమాలు తయారుచేయండి అని చెప్పింది. మూడు గంటల ధర్నా, అంబులెన్సుకు దారి, హద్దులతో పటం. ఇవి ఉంటే ఈ రెండు తీర్పులూ మీవైపే నిలబడతాయి.

మున్సిపల్_గొంతు:
గృహ నిర్బంధం సంగతి? "మీరు బయటికి రాకండి, పైనుంచి ఆర్డర్స్" అంటారు.

నేలపాడు_నోట్‌బుక్:
పోలీసులు తమంతట తాము ఒక మనిషిని ఇంట్లో బంధించొచ్చని చెప్పే సెక్షన్ బీఎన్ఎస్ఎస్‌లో ఒక్కటీ లేదు. గౌతమ్ నవ్‌లఖా కేసులో సుప్రీంకోర్టు గృహ నిర్బంధాన్ని ఒప్పుకుంది గానీ, అది కోర్టు ఆదేశించే కస్టడీ. గేటు ముందు కూర్చున్న కానిస్టేబుల్‌కు దానితో సంబంధం లేదు. మనిషిని కదలనివ్వకపోతే అది అరెస్టే. అరెస్టయితే కారణం చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఈ రెంటినీ తప్పించుకోవడానికే దానికి గృహ నిర్బంధమని పేరు పెట్టారు. చట్టం పేరు చెప్పుకుని చట్టంలో లేని పని ఇంత బాహాటంగా చేయడం చూస్తే కడుపు రగులుతుంది.

ఆ క్షణంలో చేయాల్సింది: గట్టిగా కేకలొద్దు, తోపులాట అసలే వద్దు. చేయి తగిలినా బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 132, అంటే విధుల్లో ఉన్న ఉద్యోగి మీద దాడి కేసు పెడతారు, అది పాత 353. ఫోన్ కెమెరా ఆన్ చేసి, "నేను బయటికి వెళ్తున్నాను. ఆపుతున్నారా? ఏ సెక్షన్ కింద? ఆర్డర్ కాపీ ఇవ్వండి" అని మూడు ప్రశ్నలు మర్యాదగా అడగండి. టైము చెప్పండి. ఆ వీడియోను వెంటనే వకీలుకు పంపండి. హెబియస్ కార్పస్‌కు (నిర్బంధించిన మనిషిని హాజరుపరచమని కోర్టును కోరే పిటిషన్‌కు) అదే ఆధారం.

ఖాకీ_వెనక:
ముందస్తు అరెస్టుకు మాత్రం సెక్షన్ ఉంది: బీఎన్ఎస్ఎస్ 170, పాత 151. కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం) చేయబోతున్నారని, అరెస్టు తప్ప ఆపే మార్గం లేదని అధికారికి తెలిసి ఉండాలి. శాంతియుత ధర్నాకు వెళ్లడం నేరం కాదు, కాబట్టి చాలాసార్లు ఈ సెక్షన్ నిలబడదు. 24 గంటలు దాటకూడదు. స్టేషన్‌కో, కల్యాణమండపానికో తీసుకెళ్లి సాయంత్రం వదిలేసినా, ఎన్నింటికి తీసుకెళ్లారో, ఎన్నింటికి వదిలారో రాసి పెట్టుకోండి. సొంత పూచీకత్తు కాగితం మీద సంతకం అడిగితే చదవకుండా పెట్టొద్దు. "ఇకపై ధర్నాల్లో పాల్గొనను" అని ఉంటే సంతకం పెట్టనక్కర్లేదు.

బైండోవర్ ఇంకో దారి. బీఎన్ఎస్ఎస్ 126 కింద తహసీల్దారు ముందు హాజరుపరిచి బాండు రాయించుకుంటారు. దానికి 130 కింద రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి: అందిన సమాచారం ఏమిటి, బాండు ఎంత, ఎన్నాళ్లు. తర్వాత విచారణ జరగాలి. చేతిలో ఫారం పెట్టి సంతకం పెట్టించడం విచారణ కాదు. విచారణ ఆరు నెలల్లో ముగియకపోతే, మేజిస్ట్రేట్ ప్రత్యేక కారణాలు రాసి వేరే ఆదేశం ఇస్తే తప్ప, ప్రక్రియ దానంతటదే ముగుస్తుంది.

కార్మికుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే కదా. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు మహిళలను అరెస్టు చేయాలంటే అసాధారణ పరిస్థితి ఉండాలి, మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలి. బీఎన్ఎస్ఎస్ 43వ సెక్షన్. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చినవాళ్లను ముందు ఇదే అడగండి.

రాత్రి_డెస్కు:
అరెస్టు కారణాలు రాతలో ఇవ్వాలన్నది ఇప్పుడు గట్టిపడింది. న్యూస్‌క్లిక్ ఎడిటర్ ప్రబీర్ పుర్కాయస్థ కేసులో 2024 మే 15న సుప్రీంకోర్టు ఉపా (ఉగ్రవాద నిరోధక చట్టం) కేసులకు ఈ మాట చెప్పింది. 2025 నవంబరు 6న మిహిర్ రాజేశ్ షా తీర్పుతో అన్ని నేరాలకూ వర్తింపజేశారు: అరెస్టయినవాడికి అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా, ఆలస్యమైనా రిమాండుకు హాజరుపరచడానికి కనీసం 2 గంటల ముందు. అంటే తెలుగువాడికి తెలుగులో. ఇంగ్లీషు కాగితం ఇస్తే అభ్యంతరం మేజిస్ట్రేట్ ముందే చెప్పి, రికార్డు చేయమని అడగాలి. తర్వాత ఎప్పుడో చెప్తే దానికి అంత బలం ఉండదు.

కలం_కెమెరా:
ధర్నా కవర్ చేసే చిన్న యూట్యూబ్ చానెళ్ల పరిస్థితి ఏంటి? అక్రిడిటేషన్ కార్డు లేదని లాఠీతో తోసేస్తారు, తర్వాత వీడియో మీద కేసు పెడతారు.

రాత్రి_డెస్కు:
కార్డు ప్రభుత్వం ఇచ్చే సౌకర్యం, వార్త సేకరించే హక్కుకు టికెట్ కాదు. మన రాజ్యాంగంలో పత్రికలకు వేరే హక్కు లేదు, పౌరుడికున్న 19(1)(ఏ) వాక్ స్వాతంత్ర్యమే విలేకరికీ ఉంది. కాబట్టి పబ్లిక్ రోడ్డు మీద వీడియో తీయడానికి కార్డు అక్కర్లేదు. బారికేడ్ లోపలికి, సెక్రటేరియట్‌లోకి రానివ్వాలంటే మాత్రం కార్డు అడుగుతారు.

కేసుల విషయంలో రెండు రాష్ట్రాల్లోనూ 2025 చేదు సంవత్సరం. మార్చిలో హైదరాబాద్‌లో, ముఖ్యమంత్రిని తిట్టిన ఒక వ్యక్తి వీడియో ప్రసారం చేసినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను తెల్లవారుజామున అరెస్టు చేశారు. జూన్‌లో ఆంధ్రలో, చర్చలో పాల్గొన్న అతిథి అన్న మాటకు యాంకర్ కొమ్మినేని శ్రీనివాసరావును జైలుకు పంపారు. జూన్ 13న సుప్రీంకోర్టు ఆయనకు బెయిలిచ్చింది. ఆ మాట మాత్రం ఆడవాళ్లను ఘోరంగా కించపరిచేదే, అందులో అనుమానం లేదు. దాన్ని ఖండించడం వేరు, అతిథి మాటకు యాంకర్‌ను జైల్లో పెట్టడం వేరు. ఆ బెయిలిచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ ప్రశాంత్‌కుమార్ మిశ్రాయే 2023లో జీవో 1ని కొట్టేసినప్పుడు ఆంధ్ర ప్రధాన న్యాయమూర్తి. ఒకసారి ఒక పార్టీ ప్రభుత్వం, ఇంకోసారి దాని ప్రత్యర్థి. ఇది పార్టీల గొడవ అనుకునేవాళ్లు ఈ రెండు తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి.

నేలపాడు_నోట్‌బుక్:
పోస్టుల మీద కేసు వస్తే చూడాల్సిన వరస:

ఒకటి, శిక్ష ఎంత. ఏడేళ్ల లోపు నేరమైతే నేరుగా అరెస్టు చేయొద్దన్న అర్నేశ్ కుమార్ తీర్పు, హాజరుకమ్మనే బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు. పాత 41ఏ. నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరి 21న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అయినా పట్టించుకోకుండా ఊరుకోవద్దు, "సరైన పద్ధతిలో ఇవ్వండి, వస్తాను" అని జవాబు రాయండి. చేతికి ఇచ్చిన నోటీసుకు హాజరుకాకపోతే మాత్రం అదే అరెస్టుకు కారణమవుతుంది.

రెండోది, మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరమైతే, బీఎన్ఎస్ఎస్ 173(3) కింద డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చేసే వీలుంది. మాటకు, రాతకు సంబంధించిన కేసుల్లో ఎఫ్‌ఐఆర్‌కు ముందు ఆ విచారణ చేయడమే తగినదని ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో 2025 మార్చి 28న సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణ హైకోర్టు కూడా అదే ఏడాది సెప్టెంబరులో పోస్టుల కేసులకు మార్గదర్శకాలు ఇచ్చింది.

మూడు, బీఎన్ఎస్ 111, వ్యవస్థీకృత నేరం. పోస్టు పెట్టినవాడి మీద ఇది పెట్టేది బెయిలు రాకుండా ఉండటానికే. దానికి గత పదేళ్లలో ఒకటికి మించి చార్జిషీట్లు, వాటిని కోర్టు విచారణకు స్వీకరించడం ఉండాలి. రిమాండు రోజే వకీలు ఇది ఎత్తాలి.

నాలుగు, ఒకే వీడియోకు అయిదు జిల్లాల్లో అయిదు ఎఫ్‌ఐఆర్‌లు, పీటీ వారెంటు (ఒక కేసులో జైల్లో ఉన్నవాణ్ని ఇంకో కేసుకు తెచ్చే ఉత్తర్వు) మీద స్టేషన్ నుంచి స్టేషన్‌కు తిప్పడం. ఒకే ఘటనకు రెండో ఎఫ్‌ఐఆర్ కుదరదని టి.టి. ఆంటోని తీర్పు 2001 నుంచి ఉంది.

కలం_కెమెరా:
ఫోన్ లాక్కుంటే?

రాత్రి_డెస్కు:
ఇది అన్నిటికంటే ప్రమాదం, ఎందుకంటే ఫోన్‌లో మీరొక్కరే ఉండరు, మీకు సమాచారం ఇచ్చినవాళ్లందరూ ఉంటారు. మన దేశంలో విలేకరి సోర్సును కాపాడే ప్రత్యేక చట్టం లేదు. ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2) ఉంది గానీ అది కౌన్సిల్ విచారణ వరకే.

సీజ్ చేస్తే బీఎన్ఎస్ఎస్ 105 ప్రకారం సోదా, జప్తు మొత్తం వీడియో తీయాలి. మధ్యవర్తుల రిపోర్టు (పంచనామా) కాపీ అడగండి. అందులో మోడల్, ఐఎంఈఐ, సిమ్ నంబర్లు, ఫోన్ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా రాయించండి. హ్యాష్ విలువ నమోదు చేయమని రాతలో కోరండి. అది ఫోన్‌లోని డేటాకు వేలిముద్ర లాంటిది, తర్వాత ఒక్క ఫైలు కలిపినా మారిపోతుంది. కొత్త సాక్ష్య చట్టం 63(4) సర్టిఫికెట్‌లో ఆ గడి ఉంది. సీల్ వేసిన కవరు మీద మీ సంతకం కూడా పెట్టండి. ఫీల్డుకు వెళ్లేటప్పుడు వేలిముద్ర, ముఖం లాకులు తీసేసి, ఆరంకెలకు తగ్గని పాస్‌వర్డ్ పెట్టుకోండి. తీసిన వీడియో అక్కడికక్కడే డెస్కుకు పంపండి. కేసు మొదలయ్యాక మాత్రం ఏదీ డిలీట్ చేయొద్దు, సాక్ష్యం మాయం చేశారంటూ ఇంకో సెక్షన్ పడుతుంది.

ఓరుగల్లు_బిడ్డ:
స్టేషన్‌ల కొడ్తె సీసీటీవీ ఫుటేజ్ అడుగుండ్రి. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసుల 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌ల కెమెరాలు పెట్టాలె, 18 నెలలు దాచాలె అన్నది. గని కెమెరా పాడైందని చెప్పుడు మామూలే. అందుకే బయటికొచ్చిన దినమే "ఫలానా తారీకు, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాక ఫుటేజ్ భద్రపరచుండ్రి" అని ఎస్పీకి రాసి రసీదు తీస్కోండ్రి. సర్కారు దవాఖానల ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు దెబ్బల నమోదు) చేయించుండ్రి, దెబ్బలు మానినంక పోతే లాభం లేదు. మానవ హక్కుల కమిషన్‌కు ఏడాది లోపే ఫిర్యాదు పోవాలె. వకీలుకు పైసలు లేకుంటే న్యాయ సేవల సంస్థ నంబరు 15100.

ఖాకీ_వెనక:
ధర్నా తర్వాత వచ్చే కేసు ఎక్కువగా బీఎన్ఎస్ 223, పాత 188, ఉత్తర్వు ఉల్లంఘన. దీనిమీద కోర్టు విచారణకు స్వీకరించాలంటే ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారి, ఆయన పైఅధికారి లేదా ఆయన అధికారమిచ్చిన ఇంకో అధికారి రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చేయాలి. బీఎన్ఎస్ఎస్ 215. ఎస్సై ఎఫ్‌ఐఆర్ కట్టి చార్జిషీటు వేస్తే చాలదు. ఇలాంటి కేసులు ఏళ్ల తరబడి వాయిదాలు తిరుగుతుంటాయి, క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమని హైకోర్టును కోరడం) వేస్తే పోతాయని తెలియక కూలి పోగొట్టుకుని కోర్టు మెట్ల మీద కూర్చునే కార్మికులు ఎంతమందో. దానితో పాటు బీఎన్ఎస్ 126(2) (మనిషిని అడ్డగించడం), 285 (దారికి అడ్డంకి) కూడా కలిపితే వాటికి ఈ అడ్డంకి లేదు, అందుకే రోడ్డు మూసేయొద్దని మొదటినుంచీ చెప్తున్నది.

మున్సిపల్_గొంతు:
అందరికీ నమస్కారాలు. అర్జీ ముసాయిదా ఇలా అనుకుంటున్నాం: డీఎస్పీ గారి పేరున, పదకొండు రోజుల ముందు, మూడొందల మంది, 10 నుంచి 1, తూర్పు గేటు పక్కన ఖాళీ స్థలం, పటంతో. మైకుకు వేరే. మున్సిపల్ కమిషనర్‌కు టెంటు కాగితం. జీవో 1 తీర్పు జత. "మున్సిపల్ ఆఫీసు నుంచి కలెక్టరేట్ వరకు ర్యాలీగా వచ్చి ధర్నా" అని మొదటి వాక్యం. సరిపోతుందా?

ఖాకీ_వెనక:
ర్యాలీ తీసేయండి, లేదా దానికి రూట్ మ్యాపుతో వేరే అర్జీ పెట్టండి. ఒకే కాగితంలో రెండూ ఉంటే ర్యాలీకి ట్రాఫిక్ అభ్యంతరం చూపించి ధర్నాను కూడా కాదంటారు. విడిగా ఉంటే ఒకటి పోయినా రెండోది నిలుస్తుంది.

నేలపాడు_నోట్‌బుక్:
అవును, విడగొట్టండి. తూర్పు గేటు పక్క స్థలం ఎవరిదో రెవెన్యూ రికార్డులో ఒకసారి చూసుకోండి. కలెక్టరేట్ ఆవరణ కిందకు వస్తే పోలీసు అనుమతి ఒక్కటే చాలదు, కలెక్టరేట్ పరిపాలనాధికారికి కూడా ఒక కాపీ ముద్రతో ఇచ్చి రావాలి.